సున్నా అయినా ఒక్కసారి

తాళం కనిపిస్తున్నా సరే, ఒకసారి తలుపు తట్టందే వెనక్కి తిరగని అలవాటు నాది. మా ఇంట్లోవాళ్లు నవ్వుతారు. అది బాన్సువాడ బస్టాండులో అంటుకుందని నేనెవరికీ చెప్పలేదు.

ఎనభైల్లో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, నా పక్కన బెంచీ మీద ఒకతను జిలేబీ పొట్లంతో కూర్చుని తన ఊరు డోంగ్లికి పోయే బస్సు కోసం చూస్తున్నాడు. హైదరాబాదులో కంప్యూటర్ పని అన్నాడు. నాకది వింత. ఏం పని అని అడిగాను.

“ఫోర్ట్రాన్ అని కంప్యూటర్ భాష ఉంటదన్నా. ఇప్పుడు దాంట్లనే కొత్త రకం వచ్చింది. పాతదాంట్ల రాసినయన్ని కొత్తదానికి మారుస్తున్న. రెండింటికి పొసగదు.”

“ఏంది పొసగనిది?”

“ఒక పని ఇన్నిసార్లు చెయ్యమని చెప్తం. సున్నాసార్లు అన్నా గూడ, పాతది ఒక్కసారి చేసినంకనే లెక్క చూస్తుండె. కొత్తది ముందే చూస్తది. సున్నా అయితే ఇగ లోపలికే పోదు.”

కొత్తదే తెలివైనది కదా అన్నాను. అతను పొట్లాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు.

“ఇంటికాడ ఎవరుంటరు?” అని మాట మార్చాను.

“మా అక్క ఉండె. పోయిన నెల సచ్చిపోయింది. ఆఫీసుల సెలవియ్యలే, దినాలకు గూడ రాలే. బావ పిల్లలను తీస్కొని నాందేడ్ పోయిండు. ఇంటికి తాళమే.”

“మరి ఎవరి కోసం పోతున్నవన్నా?”

బస్సు వచ్చింది. “నాది పాత ఫోర్ట్రానే అన్నా,” అంటూ లేచాడు. జనం తోసుకుంటుంటే, పాకం కారకుండా పొట్లాన్ని రెండు చేతులతో పట్టుకుని, అందరికంటే చివర ఎక్కాడు.