తెర మీది ఇంగ్లండు వీధి

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి, మామిడికాయ పప్పుతో అన్నం తిని, ఫ్యాను కింద కాస్త నడుం వాలుద్దామనుకుంటుంటే ఫోను టింగుమంది. చూస్తే మా అక్క కూతురు ఏదో లింకు పంపింది. అమ్మ చిన్నప్పటి ఫొటో చూడు పిన్నీ, ఇక్కడ అందరూ దాని గురించే మాట్లాడుకుంటున్నారు అని కింద ఒక ముక్క. మా అక్క నర్సు. ఇక్కడ తిరువూరులోనే పుట్టి, గుంటూరులో ట్రైనింగయ్యి, ముప్ఫయ్యేళ్ళ వయసులో ఇంగ్లండు వెళ్ళి, అక్కడే ఉద్యోగం చేసి, రిటైరై, బావగారు పోయాక కూడా అక్కడే కూతురి దగ్గర ఉండిపోయింది. అది ఉత్తరాన ఎక్కడో ఒక చిన్న ఊరు. దాని పేరు మాత్రం నేను రాయను. నా చేత్తో రాసి ఆ ఊరికి ఇంకాస్త పేరు తెచ్చిపెట్టడం నాకిష్టం లేదు. ఉన్న పేరు చాల్లే దానికి.

ఆ ఊరంటే నాకు ముందు నుంచీ పడదు. దానికి కారణం ఉంది. వెళ్ళిన కొత్తలో అక్క ఉత్తరం రాస్తే "ఇక్కడ" అని రాసేది. ఇక్కడ చలి, ఇక్కడ మంచు, ఇక్కడ పచ్చిమిరపకాయ దొరకదు. నాకు ప్రాణం హాయిగా ఉండేది. కొన్నేళ్ళకి ఫోన్లు వచ్చాయి. ఒకరోజు మాట్లాడుతూ మాట్లాడుతూ "మా ఊళ్ళో అయితే" అంది. నేను తిరువూరు గురించే ఏదో చెబుతోందనుకుని ఊఁ కొట్టాను. తీరా వింటే ఆ ఊరి సంగతి! మా ఊరు ఎప్పుడైందే అది, అని అడుగుదామని నోటిదాకా వచ్చింది కానీ ఐఎస్‌డీ కాలు, దెబ్బలాడుకోవడానికి వీల్లేదు. ఆ రాత్రి అన్నం సయించలేదంటే మా ఆయన నవ్వాడు. ఊరి మీద కుళ్ళుకునేదాన్ని నిన్నే చూశాను అన్నాడు. ఆయనకేం తెలుసు, ఆయనకి అక్క లేదు.

సరే, లింకు నొక్కాను. అదొక వెబ్‌సైటు. ఇంగ్లండులో ఊరూరి పాత ఫొటోలు, పాత పటాలు, అక్కడ పుట్టి పెరిగినవాళ్ళు రాసుకున్న చిన్ననాటి ముచ్చట్లు, అన్నీ ఒక్కచోట పెట్టారు. ఆ ఊరి పేజీ తెరుచుకుంది. వందేళ్ళ కిందటి పటం అట, ప్రతి ఇంటికీ ఒక గడి గీసి ఉంది. గుర్రాలు నీళ్ళు తాగే తొట్టి ఎక్కడుండేదో అదీ గుర్తు పెట్టారు. ఫలానా సందులో బన్నులు ఎంత బావుండేవో ఒకావిడ పేజీ నిండా రాసింది. దాని కింద ఇంకో ముసలాయన, బన్నులు కాదమ్మా, ఆ కొట్టువాడి కుక్క గుర్తుందా అని. కుక్కకి కూడా ఫొటో ఉంది! నేను సర్వీసంతా సోషల్ టీచర్ని. బ్రిటిష్ దీవుల్ని గుర్తించండి అని ఎంతమంది పిల్లల చేత రంగులు వేయించానో. వాళ్ళ దీవులు మనం గుర్తించాలి, వాళ్ళ కుక్కల్ని కూడా మనమే గుర్తించాలి. కూర్చున్న చోటే కుతకుత ఉడికిపోయాను.

ఆ ఉడుకులోనే తిరువూరు పాత ఫొటోలు అని కొట్టి చూశాను. బస్సు టైములు వచ్చాయి. మామిడికాయల రేట్లు వచ్చాయి. ఒక నగల షాపు ప్రకటన వచ్చింది. అంతే. మా మెయిన్ రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా ఎన్ని అరుగులు పోయాయి, ఎన్ని పందిళ్ళు పోయాయి, ఒక్కదానికి ఫొటో ఉందా? విస్సన్నపేట బస్సు ఆగే చోట ఒక పకోడీల కొట్టుండేది, ఆ వాసనకి బస్సు దిగకూడని వాళ్ళు కూడా దిగేవాళ్ళు. అది ఏ పటంలో ఉంది? ప్రభుత్వం వాళ్ళ పటాల్లో పొలం గట్లుంటాయి, వాగులుంటాయి. పకోడీలు ఉండవు. ఆ ఊళ్ళో పోయిన కుక్క బతికే ఉంది, మా ఊళ్ళో బతికున్న మనుషుల చిన్నతనం కూడా పోయింది. ఇది న్యాయమేనా అని మా ఆయన్ని నిద్ర లేపి మరీ అడిగాను. ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

ఇంతకీ అక్క ఫొటో. కిందకి జరుపుతూ పోతే వచ్చింది. నలుపు తెలుపు ఫొటో. పన్నెండేళ్ళ మా అక్క, గౌను వేసుకుని, రెండు జడలు ముందుకేసుకుని, రాళ్ళు పరిచిన ఒక ఇంగ్లండు వీధిలో నిలబడి ఉంది. వెనక కోసుగా ఇళ్ళ కప్పులు, పక్కన దీపస్తంభం, దూరంగా గడియారం ఉన్న గోపురం. ఆ ఊరి వీధి, పాత రోజుల్లో, అని దాని కింద రాశారు. నాకొక్క క్షణం బుర్ర పనిచెయ్యలేదు. పన్నెండేళ్ళప్పుడు మా అక్క పక్కనున్న నెమలి ఊళ్ళో తిరునాళ్ళ దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. వీధి చివర ఒక మూల సన్నగా, పొడుగ్గా, నెత్తిన ఇంత గుబురుతో ఉన్నది ఏమిటో అప్పుడు పోల్చుకున్నాను. తాడిచెట్టు. అది ఇంగ్లండు కాదు, మా తిరువూరు ఫొటో స్టూడియోలో తెర!

ఆ తెర గురించి చెప్పాలి. అప్పట్లో మా ఊళ్ళో ఫొటో అంటే బస్టాండు వెనక సందులో ఉండే స్టూడియోయే. ఆయన్ని అందరూ స్టూడియో బాబాయి అనేవాళ్ళు. తెరని బెజవాడలో నాటకాల తెరలు గీసే ఆయన చేత గీయించాడు. ఏ బొమ్మ కావాలంటే బాబాయికి తోచక, ఇంట్లో ఉన్న, ఇంగ్లండు నుంచి వచ్చిన సీమ బిస్కెట్ల డబ్బా ఇచ్చి, ఈ మూత మీద ఉన్నట్టు గియ్యమన్నాడట. మూత గుండ్రం, తెర నలుచదరం. మూలలు మిగిలిపోయాయి. మూడు మూలల్లో మబ్బులు వేసి, నాలుగో మూలకొచ్చేసరికి విసుగొచ్చి, తనకి వచ్చిన తాడిచెట్టు వేసేశాడు. ఒకసారి తిరునాళ్ళలో పెట్టిన దుకాణం నుంచి తెస్తుంటే తెర చిరిగింది, దాన్ని బాబాయి భార్య నల్లదారంతో కుట్టింది. తిరువూరులో పెళ్ళయిన జంటలూ, పరీక్ష పాసయిన కుర్రాళ్ళూ, నామకరణం పిల్లలూ, వినగడప నుంచి బండి కట్టుకుని వచ్చిన రైతులూ, అందరూ ఆ సీమ వీధిలోనే నిలబడ్డారు. అసలు తిరువూరు వీధిలో నిలబెట్టి ఒక్కరినీ తియ్యలేదు. బయట వీధి రోజూ చూసేదేగా, దాన్ని ఫొటో తీయించుకునే పిచ్చివాడెవడని ఆయన అనేవాడు.

మమ్మల్ని ఒక క్రిస్మస్‌కి నాన్నగారు తీసుకెళ్ళారు. ఇద్దరికీ ఒకే తానులో కుట్టించిన గౌన్లు. స్టూడియోలో ఒక వాచీ ఉండేది, ఫొటో దిగేవాళ్ళు పెట్టుకోడానికి. అది నడిచేది కాదు, కానీ ఫొటోలో నడిచే వాచీకీ నడవని వాచీకీ తేడా ఏముంటుంది. ఒక వాచీ, ఇద్దరం. ముందు అక్క పెట్టుకుంది. నేను కింద కూర్చుని ఏడ్చాను. నాన్నగారు ఊరుకోబెట్టలేక, చిన్నదానికి ఇచ్చెయ్యమ్మా అన్నారు. అక్క మాట్లాడకుండా విప్పి ఇచ్చింది. నేను పొట్టిగా ఉన్నానని బాబాయి నన్ను స్టూలెక్కించాడు. ఎక్కాక, వాచీ బాగా కనపడాలని ఆ చేతిని తీసుకెళ్ళి అక్క భుజం మీద వేశాను. ప్రేమా లేదు, పాడూ లేదు. ఒక్క కాపీయే కడిగించారు. ట్రైనింగుకి వెళ్తూ అక్క దాన్ని పట్టుకుపోయింది. మళ్ళీ చూడ్డం మొన్ననే.

చూశాను కదా, అందులో నేను లేను. నిలువునా కత్తిరించి ఉంది. అక్క ఉంది, దీపస్తంభం ఉంది, తాడిచెట్టుక్కూడా చోటుంది. నేను లేను. అక్క భుజం మీద వాచీ పెట్టుకున్న ఒక చిన్న చెయ్యి మాత్రం ఉంది. దాని కింద ఆ ఊరివాళ్ళ మాటలు చదువుతుంటే ఒళ్ళు మండింది. ఇది చర్చి పక్క సందు, మా తాత ఇల్లు ఎడమ పక్కదే అని ఒకాయన. గోడకి ఆ పగులు చూడండి, యుద్ధంలో బాంబు పడ్డప్పటిది అని ఇంకొకాయన. అది బాబాయి భార్య కుట్టు నాయనా! తాడిచెట్టేమో పడగొట్టేసిన ఫ్యాక్టరీ పొగగొట్టం అయింది. చెయ్యి చిన్నది, అంత ఎత్తు నుంచి ఎలా వచ్చిందని చర్చ జరిగి, ఆ ఇంటి ముందు మెట్టు ఉండేదని తేల్చారు. ఎంత ఆప్యాయంగా వేసిందో చెయ్యి అని ఒకావిడ మురిసిపోయింది. చివరికి ఎవరో పాత పటంలో ఆ సందు వెతికి గుర్తు కూడా పెట్టేశారు. మా ఊరికంటూ మిగిలింది ఒక్క ఫొటో. అక్కని పట్టుకుపోయింది చాలక, దాన్నీ లాగేసుకుంది ఆ ఊరు.

నిజం రాసి పారేద్దామని కూర్చున్నాను. అయ్యా, ఇది మీ ఊరు కాదు, ఆంధ్రదేశంలో తిరువూరు, అది పొగగొట్టం కాదు తాడిచెట్టు, అది పగులు కాదు కుట్టు, అని నా గవర్నమెంటు బడి ఇంగ్లీషులో మొత్తం కొట్టాను. కొట్టాక, పంపేముందు అక్కకి ఒక మాట చెప్పడం మర్యాద అనిపించి ఫోన్ చేశాను. నిజానికి మర్యాదా కాదు, నన్నెందుకు కత్తిరించావే అని అడగాలని.

ముందు అదే అడిగాను. హాస్టల్లో ట్రంకు పెట్టె మూత లోపల అతికించుకోడానికి కత్తిరించిందట. మూత చిన్నది, ఫొటో పెద్దది. "నీ చెయ్యి కూడా తీసేద్దామనుకున్నానే. తీస్తే నా భుజం పోతుంది" అంది. తర్వాత, ఆ తెర సంగతి వాళ్ళకి రాసేస్తున్నానని చెప్పాను.

"రాయకే" అంది అక్క. తెర సంగతి తనకి తెలుసు. తెలిసే ఊరుకుంది. వాళ్ళ లైబ్రరీలో నెలకోసారి పెద్దవాళ్ళంతా చేరి పాత ఫొటోలు చూపించుకుంటారట. నేను ఈ గోడ ఎక్కి పడ్డాను, నేను ఈ కొట్లో చాక్లెట్టు దొంగిలించాను అని ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకుంటారట. అక్క వంతు వచ్చేసరికి లేచి టీ పోస్తుంది. అందరికీ ఈవిడ హాస్పిటల్లో ఎంత బాగా చూసిందో తెలుసు, అంతకుముందు ఈవిడ ఏమిటో ఎవరికీ తెలియదు. కూతురు ఆల్బం తీసుకెళ్తే అందులో ఈ ఫొటో చూసి, అరె నువ్వు చిన్నప్పుడు ఇక్కడే ఉన్నావా, మాకు చెప్పనేలేదే అన్నారట. అక్క కాదనలేదు.

"నీకేం తల్లీ" అంది. "కూరగాయలకి వెళ్ళినా ఎవడో ఒకడు నీ చిన్నప్పటి అల్లరి చెబుతాడు. ఈ ఊళ్ళో నేను పుట్టడమే ముప్ఫయ్యేళ్ళ నర్సుగా పుట్టాను. నిన్ను చూస్తే నాకు ఎప్పుడూ కుళ్ళేనే."

ఇన్నేళ్ళుగా నేనే కుళ్ళుకుంటున్నాననుకున్నాను. ఆవిడ ఫోన్ చేసినప్పుడల్లా పకోడీల కొట్టు ఉందా, ఫలానా సందు అలాగే ఉందా అని అడుగుతుంటే, పోయింది, అదీ పోయింది, ఇదీ పోయింది అని నేను కసిగా చెప్పేదాన్ని. ఉన్నవి కూడా పోయాయని చెప్పిన రోజులున్నాయి. ఏమీ అనకుండా వినేది. వాచీ విప్పి ఇచ్చినప్పుడు కూడా ఏమీ అనలేదు కదా. ఫోను పెట్టేశాను. మా ఆయన లేచి, టీ పెట్టనా అన్నాడు. ఆయన టీ పెట్టడం ఎన్నడూ లేదు, నా మొహం ఎలా ఉందో మరి.

కొట్టినదంతా చెరిపేశాను. దాని బదులు ఒక్క మాట రాశాను: ఆ చెయ్యి నాది, నేను ఆవిడ చెల్లెల్ని. గంట తిరక్కుండా ఆ ఊరంతా కుశల ప్రశ్నలు. ఇద్దరూ ఉండేవాళ్ళా, మీరు ఏ ఇంట్లో ఉండేవాళ్ళు అని బన్నులావిడ అడిగింది. నేను వాళ్ళ పాత పటం తెరిచాను. పటం చదవడం నా వృత్తి. ఆ సందులో అటూ ఇటూ చూసి, తాడిచెట్టు ఉండాల్సిన మూల పక్కన, ముందు కాస్త జాగా ఉన్న ఒక గడి ఎంచుకుని గుర్తు పెట్టాను. ఎండ బాగా వస్తుంది, వడియాలు ఎండబెట్టుకోవచ్చు. అక్కకి చూపించమని వాళ్ళమ్మాయికి పంపాను. మేడ ఉన్న ఇల్లు తీసుకోలేకపోయావా అని అక్క జవాబు.

నిన్న పొద్దున చూస్తే, కుక్క ముసలాయన ఒక ప్రశ్న అడిగాడు. ఫొటోని ఎంత పెద్దది చేసినా మీ వాచీలో టైమెంతో కనిపించడం లేదు, మీకేమైనా గుర్తుందా అని. అది నడవని వాచీ అని చెప్పబుద్ధి కాలేదు. బడి వదిలే వేళ అని రాశాను. బయట మా మెయిన్ రోడ్డు మళ్ళీ తవ్వుతున్నారు, ఆ ఊళ్ళోనూ ఏదో ఒకటి పడగొడుతూనే ఉంటారు. కానీ ఆ వాచీ ఆ రోజూ నడవలేదు, ఆ తర్వాతా నడవలేదు కాబట్టి, ఆ వీధిలో ఇంకా బడి వదిలే వేళే అయి ఉంటుంది.