పెట్టె వచ్చేలోపు

ఆమె నటించిన సినిమాను ఒక్క ముక్క కూడా పోకుండా నేను మొదటిసారి చూసింది నా అరవై తొమ్మిదో ఏట, మా అమ్మాయి కొనిచ్చిన ఫోనులో. ఈ మాట ఇంకొకరు చెబితే వింతేమీ లేదు. నేను చెబితే సిగ్గుపడాలి. ఎందుకంటే ఎమ్మిగనూరులో ఒక సినిమా హాలులో ఇరవై ఆరేళ్లు ఆపరేటరుగా పనిచేసినవాణ్ణి. మా ఊరికి వచ్చిన ఆమె సినిమాలన్నీ నా చేతుల మీదుగానే తెర మీదికి పోయాయి. నేను పోనిచ్చినంత మేరకే పోయాయనడం నిజం.

సంగతి అర్థం కావాలంటే ముందు పెట్టె గురించి చెప్పాలి. ఆ రోజుల్లో ఆదోనికీ మాకూ కలిపి ఒకే ప్రింటు వచ్చేది. ఆదోనిలో పొద్దున ఆట మొదలైన రెండున్నర గంటలకు మా దగ్గర మ్యాట్నీ మొదలయ్యేది. అక్కడ మొదటి సగం ఆడగానే ఆ రీళ్లను రేకు పెట్టెలో సర్ది బస్సుకు వేసేవాళ్లు. మేం దాన్ని ఆడిస్తూ ఉండగా రెండో సగం ఇంకో బస్సులో రావాలి. మామూలు రోజుల్లో వచ్చేది కూడా. పత్తి కాలం వచ్చిందంటే మాత్రం అంతా తలకిందులే. ఆదోని మార్కెట్ యార్డుకు పోయే బండ్లూ లారీలూ రోడ్డు మీద బారులు తీరి, బస్సును ముందుకు కదలనిచ్చేవి కావు. హాలు కిక్కిరిసేదీ ఆ కాలంలోనే, పెట్టె రానిదీ ఆ కాలంలోనే.

ఇంటర్వెల్ అయిపోయి తెర తెల్లగా ఉంటే జనం ఊరుకుంటారా. మొదట ఈలలు, తర్వాత తిట్లు, ఆ తర్వాత బెంచీల మీద ప్రతాపం. దానికి మా యజమాని ఒక ఉపాయం కనిపెట్టాడు. మొదటి సగంలో ఉన్న హాస్యం ముక్కలను ముందే కత్తిరించి పక్కన పెట్టుకోమన్నాడు. పెట్టె ఆలస్యమైతే ఇంటర్వెల్ తర్వాత వాటిని వేసి జనాన్ని కూర్చోబెట్టాలి. పెట్టె వేళకు వస్తే వాటి అవసరమే లేదు. సినిమా మా ఊరు వదిలేటప్పుడు మళ్లీ ఎక్కడివక్కడ అతికించి పంపాలి. అందాకా ఆదోనిలోనూ ఆ ముక్కలు లేకుండానే ఆడేది. కథకు వాటితో పనేముందిలే అన్నాడాయన. నాకూ నిజమే అనిపించింది. పైగా నా కత్తిరింపు ఎంత శుభ్రంగా ఉండేదంటే, కోసిన చోటును ఒక్కడు కూడా కనుక్కోలేకపోయేవాడు. అందుకు నేను మీసం మెలేసుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఇప్పుడు తలుచుకుంటే నాకు నేనే నాలుగు తగిలించుకోవాలనిపిస్తుంది.

పేరున్న మగ హాస్యనటుల జోలికి పోయే ధైర్యం మాకు లేదు. వాళ్ల మొహాలు పోస్టరు మీద ఉండేవి, లేకపోతే జనం నిలదీసేవాళ్లు. చిన్న హాస్య వేషాలు వేసే ఆమె మొహం ఏ పోస్టరు మీదా ఉండేది కాదు. అందుకని కత్తెర ఎప్పుడూ ఆమె దగ్గరికే పోయేది. ఆమె ఎవరో కాదు, మా ఊరి మగ్గాల వీధిలోనే పుట్టి, నాటకాలాడి, మద్రాసు చేరిన మనిషి. అది తెలిసి కూడా కోశాను.

అలా కొన్నేళ్లు జరిగేసరికి ఊళ్లో ఒక పేరు పుట్టింది. ఇంటర్వెల్ తర్వాత ఆమె తెర మీద కనిపిస్తే పెట్టె రాలేదని అర్థం. జనం ఆమెను లేటక్క అనడం మొదలుపెట్టారు. లేటక్క వచ్చిందంటే పావుగంట తీరిక దొరికినట్టే. సగం హాలు లేచి టీకీ బీడీకీ బయటికి పోయేది. కూర్చున్నవాళ్లు కూడా తెర వైపు చూడకుండా తలుపు వైపు చూసేవాళ్లు. చివరికి బస్సు ఆలస్యమైనా, పెళ్లివాళ్లు ఆలస్యమైనా లేటక్క అనడం మా ఊళ్లో వాడుకైపోయింది.

హాలు మూతబడి గోడౌను అయ్యాక నాకు పని లేకుండా పోయింది. కిందటేడు మా అమ్మాయి ఫోను చేతిలో పెట్టి, పాత సినిమాలన్నీ ఇందులో ఉంటాయి చూసుకో అంది. ఏది చూడాలో తోచక, చేతికి గుర్తున్న సినిమాలే వెతికాను. మధ్యాహ్నాలు భోజనం చేసి, వసారాలో మంచం వేసుకుని, ఆమె సినిమాలు పదకొండు చూశాను.

ఆమెకిచ్చిన వేషాలు చూస్తే ఒళ్లు మండుతుంది. గయ్యాళి పెళ్లాం, చీపురు పట్టిన అత్త, మొగుడు పోయిన వంటమనిషి. ఎవరో ఒక మగవాడు జోకు వేస్తే నోరు తెరవడానికి, లేకపోతే తన్నులు తినడానికి పెట్టారు ఆమెను. అయినా ఆమె ఎక్కడా అరవలేదు. ఎదుటివాడి మాట పూర్తిగా వింటుంది. విన్నాక ఒక్క ఊపిరి ఆగుతుంది. ఆ ఆగడంలోనే నవ్వు పుట్టేస్తుంది, తర్వాత ఆమె మాట్లాడినా మాట్లాడకపోయినా ఒకటే. ఆ తర్వాత మన తెర మీద నవ్వించిన ఆడవాళ్లను చాలామందిని చూశాను. అంత నిదానంగా ఆగడం వాళ్లెవరికీ రాలేదు.

ఒక సినిమాలో ఆమె పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తడుతూ ఉంటుంది. వెనకాల ఇంటి పెద్దమనిషి పెళ్లివాళ్లకు తన గొప్పలు చెప్పుకుంటాడు. ఆమె నోట మాట లేదు. మొహం కూడా పెద్దగా కదలదు. అతను నిజం చెబితే చేతులు మామూలుగా తడతాయి. చిన్న అబద్ధానికి కాస్త తడబడతాయి. మా తాత ఏనుగెక్కాడు అనగానే చేతులు గాలిలో ఆగిపోతాయి. పిండి ముద్దను ఒకసారి చూసి, మెల్లగా మళ్లీ మొదలుపెడుతుంది. సినిమా చివర అదే పెద్దమనిషి పోలీసుల ముందు నాకేమీ తెలియదు అంటాడు. మూల నుంచి ఒకే ఒక్క దెబ్బ, రొట్టె మీద, గట్టిగా. నేను మంచం మీద ఒక్కణ్ణే పడీపడీ నవ్వాను. నవ్వుతుండగానే గుర్తుకొచ్చింది, మా హాలులో ఆ చివరి దెబ్బకు ఏ రోజూ ఒక్కరు కూడా నవ్వలేదు. నవ్వడానికి వాళ్లకు మొదటి ముక్క తెలిస్తే కదా. దాన్ని కోసి పక్కన పెట్టింది నేను.

ఈ సంగతి ఆదోనిలో కాపురం ఉంటున్న మా అమ్మాయికి చెబితే, ఆమె ఇప్పుడు మా వీధి చివరే ఉంటుంది నాయనా, పాలకేంద్రం దగ్గర రోజూ కనిపిస్తుంది అంది. మీ ఊరు పక్కనే కదా ఎందుకు పోరు అని మా అమ్మాయి ఒకసారి అడిగిందట. మా ఊరోళ్లకు నేను నచ్చను అన్నదట ఆమె, అంతకు మించి మాట పెంచకుండా.

ఆ మాట విన్నాక రెండు వారాలు నాకు అన్నం సయించలేదు. ఊరివాళ్లకు ఆమె నచ్చకపోవడానికి కారణం తెలిసినవాళ్లలో యజమాని పోయాడు, ఇక మిగిలింది నేనే. నేనూ పోతే ఆమె ఆ మాటతోనే ఉండిపోతుంది. చెబితే ఆమె నా మొహం మీద తలుపు వేస్తుందేమోనని భయం. చెప్పకపోతే నాకు నేను మొహం చూపించుకోలేను. చివరికి ఒకరోజు పొద్దున బస్సెక్కాను. ఆ ముప్పై కిలోమీటర్లూ ఒకప్పుడు పెట్టె వచ్చిన దారే.

పత్తి వ్యాపారం చేసే ఒక కుటుంబం ఇంటి వెనక రెండు గదుల్లో ఉంటుంది ఆమె. జుట్టు మొత్తం తెల్లబడింది, కళ్లు మాత్రం అవే. ఎమ్మిగనూరు అనగానే ఒక్క ఊపిరి ఆగింది, అచ్చం తెర మీద ఆగినట్టే. తర్వాత కుర్చీ చూపించి టీ పెట్టింది. హాలు సంగతి ఎత్తడానికి నోరు రాక, ఫోను తీసి ఆ రొట్టె తట్టే ముక్క చూపించాను. ఆమె కళ్లద్దాలు సర్దుకుని తన చేతులనే చూసుకుంది.

ఆ ముక్కకు మొదట పేజీ నిండా మాటలు రాశారట. వద్దని డైరెక్టరు కాళ్లావేళ్లా పడి తీసేయించింది తానేనట. ఎందుకని అడిగాను.

"మా యమ్మకు చెవుడు. పుట్టినప్పట్నుంచీ మగ్గాల సప్పుడులోనే బతికినాది. నా మాటలు యానాడూ ఆమెకు ఇనపల్లేదు. చేతులైతే కనపడతాయి గదా అని అట్ల చేసినాను," అంది.

ఆ సినిమా చూపించడానికి తల్లిని వెంటబెట్టుకుని మా హాలుకే వచ్చిందట. చెవుడు కాబట్టి ఆ తల్లికి సినిమాలో ఏది బాగుందో ఏది బాగాలేదో తెలిసేది చుట్టూ ఉన్న జనాన్ని చూసే. జనం నవ్వితే నవ్వేది. మొదటి సగం మొత్తం నువ్వేడున్నావని అడుగుతూనే ఉందట. ఇంటర్వెల్ తర్వాత ఉన్నట్టుండి కూతురు తెర మీదికి వచ్చింది. వెంటనే ఎవరో లేటక్క వచ్చినాది పాండ్రా అని అరిచారు. బెంచీలు ఖాళీ అయిపోయాయి. తల్లి అటూ ఇటూ చూసి, తెర వైపు ఇంక చూడకుండా కూతురి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేసింది. మళ్లీ ఏ సినిమాకూ రాలేదు. చనిపోయే ముందు ఒక్కసారి మాత్రం, ఇంకేదన్నా పని చూసుకోకూడదా బిడ్డా అందట.

నా చేతిలో టీ చల్లారిపోయింది. చెప్పడానికి వచ్చింది ఒక తప్పు అనుకున్నాను, అది ఎంత దూరం పోయిందో నాకప్పుడు తెలిసింది. అయినా చెప్పేశాను. పెట్టె, బస్సు, పత్తి బండ్లు, కత్తెర, లేటక్క అనే పేరు ఎక్కడ పుట్టిందో, అన్నీ. ఆమె మధ్యలో అడ్డు రాలేదు.

"మల్లా అతికిస్తివా?" అంది చివరికి.

అతికించాను అక్కా, అతుకు దగ్గర ఫిలిం మీది బొమ్మల గళ్లు ఒకటో రెండో పోతాయి, అంతకు మించి ఏమీ పోనియ్యలేదని చెప్పాను. మా ఊరి తర్వాత పెట్టె ఎక్కడికి పోయేదని అడిగింది. పత్తికొండకు అన్నాను. అక్కడ ప్రింటు పంచుకునే గొడవ లేదు కాబట్టి సినిమా మొత్తం ఆడేది.

"పత్తికొండోళ్లు నవ్వింటారా?"

నవ్వి ఉంటారు అన్నాను. పత్తికొండ మనుషులకు చెయ్యెత్తి మొక్కాలనిపించింది నాకు.

ఆమె లేచి, గోడకున్న ఫోటో దగ్గరికి పోయి పైట కొంగుతో అద్దం తుడిచింది. ముక్కుపుడక పెట్టుకున్న పెద్దావిడ, చూపు కొంచెం పక్కకు తిరిగి, ఎవరి మొహమో చదువుతున్నట్టు ఉంది.

"నాకు సెప్పితివి, సరే. ఆమెకు సెప్పు," అంది.

మొదట వేళాకోళం అనుకున్నాను. కాదు. లేచి ఫోటో ముందు నిలబడి చేతులు జోడించాను. ఆపొద్దు జనం లేచింది నీ బిడ్డను చూసి కాదు పెద్దమ్మా అని మెల్లగా మొదలుపెట్టాను. వెనకాల ఒక్క ఊపిరి గడిచింది.

"గట్టిగా సెప్పప్పా. ఆమెకు ఇనపడదు."

నాకు నవ్వూ ఏడుపూ రెండూ ఒకేసారి వచ్చాయి. గొంతు సవరించుకుని, పెట్టె రాలేదని ప్రొజెక్టరు గదిలోంచి యజమానికి వినపడేలా ఒకప్పుడు ఎంత గట్టిగా అరిచేవాణ్ణో అంత గట్టిగా చెప్పాను.

"పెద్దమ్మా, ఆపొద్దు జనం లేసింది పెట్టె రాలేదని. నీ బిడ్డ ముక్క కోసింది నేను. తప్పు నాది. ఆమెను పూర్తిగా సూసిన ఊర్లో అందరూ నవ్వినారు."

ముందింటి నుంచి ఇద్దరు ఆడవాళ్లు ఏమైందోనని పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆమె వాళ్ల వైపు చూడలేదు. ఫోటో వైపే చూసింది. తర్వాత నా చేతిలోని చల్లారిన టీ గ్లాసు తీసుకుంది.

"ఇప్పుడు ఇనింది. కూసో, టీ ఏడి చేసి తెస్తాను," అంది.