పూజ మరునాడు మూగబోయిన కాటా

కరోనా సద్దుమణిగిన తరువాతి ఏడాది, ఆయుధ పూజ మరునాడు ఉదయం, నన్ను తమిళనాడు ధర్మపురిలోని ఒక ప్రైవేటు పట్టుగూళ్ల మండీకి పంపారు. నేనప్పుడు ఒక చిన్న కంప్యూటర్ సర్వీసులో ఫీల్డ్ టెక్నీషియన్ని. చదివింది ఎనిమిదో తరగతి, పని మాత్రం చూసి నేర్చుకున్నది. నా పైన ఒక ఇంజినీరు సేలంలో ఉండేవాడు గానీ, అవసరానికి ఫోనులో దొరికేవాడు కాదు.

ఆ మండీలో పద్ధతి ఇది. రైతు తెచ్చిన గూళ్లను ఎలక్ట్రానిక్ కాటా మీద పెడతారు. బరువు కేబుల్ గుండా నేరుగా కంప్యూటర్లో పడుతుంది, అప్పుడే వేలం చీటీ బయటికి వస్తుంది. చేత్తో రాసిన బరువుల మీద మునుపు కొట్లాటలు జరిగాయి కాబట్టి కొనేవాళ్లు వాటిని ఒప్పుకోరు. ఆ ఉదయం కాటా మీద ఎర్ర అంకెలు వెలుగుతూనే ఉన్నాయి, కంప్యూటర్ తెర మీద మాత్రం సున్నా.

వరుసలో అందరికన్నా ముందు ఏ. పళ్లిపట్టి అనే ఊరి నుంచి వచ్చిన రాజమ్మ అనే రైతు ఉంది. పూజకు మండీ మూయడంతో ఆమె సరుకు ఇంట్లోనే ఆగిపోయింది. పట్టుగూటికి గడువుంటుంది. అది దాటితే లోపలి పురుగుకు రెక్కలు వచ్చి గూడు తొలుచుకొని బయటపడుతుంది. తొలిచిన గూటి నుంచి తెగని దారం రాదు, దాన్ని కొనేవాడూ ఉండడు. లోపలి పురుగు ఎలా ఉందోనని ఆమె ఒక్కో గూటిని చెవి దగ్గర ఆడించి చూడడం, మళ్లీ సంచిలో వేయడం, లేచి నా దగ్గరికి రావడం. ఒకచోట నిలవలేకపోయింది.

“అన్నా, నీ మిషను లేసేలోగా నా పురుగులు లేసేటట్లుండాయి” అంది.

మండీ యజమానిని అందరూ ముదలాళి అంటారు. ఆయన కారణం ముందే తేల్చేశాడు. పూజలో తన భార్య పెట్టిన గంధం, కుంకుమ కేబుల్ తగిలించే చోటులోకి పోయాయట. “తెరకు ఒక బొట్టు పెట్టు, చాలు అంటే వినిందా? వెనకంతా పూసి పెట్టింది” అన్నాడు.

“కాటాకూ పెట్టినారు గదా ముదలాళీ, అది బాగానే ఉండాదే?” అని రాజమ్మ అడిగేసరికి చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

నవ్వకుండా పని చేసింది నేనొక్కణ్ణే. స్పిరిట్ అద్దిన దూదితో అంతా తుడిచాను. లాభం లేదు. కేబుల్ మార్చాను, లాభం లేదు. కాటాను నా పాత ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే బరువు చక్కగా పడింది. అంటే కాటా మంచిదే, లోపం కంప్యూటర్లోనే. దాని లోపల, కాటా కేబుల్ వచ్చి చేరే కార్డు ఒకటి ఉంది. కార్డు ఉన్నట్టు కంప్యూటర్ గుర్తిస్తోంది, కానీ దాన్ని నడిపే డ్రైవర్ అనే ప్రోగ్రామ్ మాత్రం ఎక్కడం లేదు. ఎండ ముదురుతోంది. సేలం నుంచి వచ్చిన వ్యాపారులు వ్యాను తాళాలు చేతిలో ఆడిస్తున్నారు.

ఈ యంత్రాన్ని ఇంతకుముందు ఎప్పుడు ఆపారని ముదలాళిని అడిగాను.

“ఆపేదేముండాది? ఏడాదంతా నడుస్తానే ఉంటాది. నిన్న ఒక్క దినమే, పూజకని ఆపినాము.”

విషయం అక్కడ తెలిసింది. కెర్నల్ అంటే కంప్యూటర్ లోపలి మేస్త్రి అనుకోండి, పరికరాలన్నిటి చేతా పని చేయించేది అదే. ఒక్కో పరికరంతో ఎలా మాట్లాడాలో దానికి చెప్పేది డ్రైవర్. అప్‌డేట్లు వాటంతటవే దిగేటట్లు పెట్టిన యంత్రమది. కొత్త కెర్నల్ ఎప్పుడో దిగి లోపల కూర్చుంది. కానీ యంత్రాన్ని ఆపి మళ్లీ వేస్తే గాని అది పనిలోకి రాదు. పూజకు ఆపారు, మరునాడు కొత్త మేస్త్రి వచ్చాడు. కాటా కార్డు డ్రైవరేమో పాత కెర్నల్ కోసం తయారైనది, కొత్తదానికి పనికిరాదు.

పాత కెర్నల్ యంత్రంలోనే భద్రంగా ఉంటుంది. రీస్టార్ట్ చేసి, మొదట వచ్చే మెనూలో దాన్ని ఎంచుకుంటే చాలు. ఆ మాట చెబితే ముదలాళి నా చెయ్యి పట్టుకున్నాడు. “మళ్లీ ఆపుతావా? ఈసారి అసలుకే లేవకపోతే?”

“ఆపనియ్యి ముదలాళీ, ఇప్పుడేమన్నా నడుస్తా ఉండాదా?” అంది రాజమ్మ.

రీస్టార్ట్ చేశాను. మెనూ వచ్చింది, పాతదాన్ని ఎంచుకున్నాను. రాజమ్మ తన గూళ్లను తానే కాటా మీద పెట్టింది. తెర మీద బరువు పడింది, చీటీ వచ్చింది.

అయితే అప్పటికే సేలం వ్యాపారులు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు పోటీ లేకుండా తక్కువకే పాడారు. “నీ పని అయింది, నా బేరం పడిపోయింది” అని రాజమ్మ నా ముఖాన్నే అంది. “ఇంటికెత్తుకొని పోయి రెక్కల పురుగుల్ని చూస్తా కూర్చునేదానికన్నా మేలులే” అని ఖాళీ సంచులు మడుచుకొని బస్టాండుకు నడిచింది.

కొత్త కెర్నల్‌కు తగిన డ్రైవర్‌ను కార్డు తయారుచేసినవాళ్ల దగ్గర తెప్పించి తరువాత ఎక్కించాను. ఆ రోజు నుంచి ఆ పనిలో ఉన్నన్నాళ్లూ ఒకే పద్ధతి పాటించాను. కొత్త కెర్నల్ దిగిన నాడే, మండీ మూసిన తరువాత, యంత్రాన్ని ఆపి మళ్లీ లేపి, దానికి తగిలించిన ప్రతి పరికరాన్నీ నడిపి చూడాలి. మనం చేయకపోతే ఆ పరీక్ష రైతు సరుకు మీద జరుగుతుంది.