మూడు చీటీల లెక్క

మా కాలేజీ ఆఫీసులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరికీ ఆమె టైపక్క. టైపు మిషను పోయి కంప్యూటరు వచ్చి పదిహేనేళ్లయినా ఆ పిలుపు మారలేదు. ఆమె బల్లకు ఎదురుగా నా బల్ల. నాది రికార్డుల పని. ఇరవై రెండేళ్లు ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. మా ఆయన మొహమైనా నేను అంతసేపు చూసి ఉండను.

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆమె కడుపులో ఏం పడినా బయటికి రాదు. అందుకే చీటీల పని ఆమెకిచ్చారు.

చీటీల పనంటే ఇది. ప్రతి సెమిస్టర్ చివర పిల్లలు తమ లెక్చరర్ల మీద, క్లాసుల మీద అభిప్రాయం రాసి, పదికి ఇన్నని మార్కులిచ్చి పెట్టెలో వేస్తారు. పేరు రాయక్కర్లేదు. కానీ ఏళ్ల తరబడి పేపర్లు దిద్దేవాళ్లకు చేతిరాత చాలదా? వెనకటికి ఒక మహానుభావుడు చేతిరాత పోల్చుకుని ఒక పిల్లవాణ్ణి ప్రాక్టికల్స్‌లో తప్పించాడు. పెద్ద గొడవైంది. అప్పట్నుంచి పెట్టె నేరుగా టైపక్క దగ్గరికి వస్తుంది. ఆమె ఒక్కో సెక్షన్‌కు ఒక్కో కాగితం టైపు చేసి ప్రిన్సిపాల్‌కు పంపుతుంది. అసలు చీటీలు తన సొరుగులో తాళం వేసి ఉంచి, ఏడాది దాటాక చింపేస్తుంది.

నన్ను చదవనిచ్చేది కాదు. నేను చదవకుండా ఉండేదాన్నీ కాదు. "ఫిజిక్స్ మేడమ్ పాఠం బోర్డుకే చెప్తారు, మాకు ఆవిడ జడ మాత్రమే తెలుసు." "లెక్కల సారు గొంతు వింటే ఫ్యానుకు కూడా నిద్రొస్తుంది." ఒకడైతే, "ఇంగ్లీషు సారు నోట్సు మారదు. మా నాన్న ఇక్కడే చదివాడు, ఆయన పుస్తకం తెచ్చుకున్నాను" అని రాశాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వుతుంటే అక్క కళ్లజోడు పైనుంచి చూసి, "చాల్లే, ఎవరైనా వింటారు" అనేది.

వచ్చినవన్నీ టైపు చేయడం కుదరదు కదా. ఆమెకొక లెక్క ఉండేది. "ఒక్కడు రాస్తే కచ్చ, ఇద్దరు రాస్తే జట్టు, ముగ్గురు రాస్తేనే మాట" అనేది. ఒక సెక్షన్‌లో మూడు చీటీల్లో కనిపించిన విషయమే కాగితం మీదికి ఎక్కేది. మంచి లెక్కే. దానివల్ల ఎందరో లెక్చరర్లు కుర్ర కోపాల నుంచి బయటపడ్డారు. నేనూ మెచ్చుకున్నదాన్నే, ఇప్పుడు కాదంటే నోరు పడిపోతుంది.

కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చెప్పే పెద్దాయనకు పిల్లలు పెట్టిన పేరు ముందునీళ్ల మాస్టారు. ల్యాబు మా కిటికీకి ఎదురుగానే, వరండాకు అవతల. ప్రతి ఏడూ కొత్త పిల్లలకు మొదటి రోజున ఆయన చెప్పే మొదటి మాట మా బల్లల దాకా వినిపించేది. "ముందు నీళ్లు! నీళ్లలో యాసిడ్ పోయాలి, చుక్క చుక్కగా. యాసిడ్‌లో నీళ్లు పోశారో, మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. ఏం చెప్పాను? ముందు?" "నీళ్లు సార్!" అని పిల్లలు అరిచేవాళ్లు. కెమిస్ట్రీ అంటే ఏమిటో తెలియని నాకు కూడా ఆ ముక్క నిద్రలో లేపి అడిగినా వచ్చు.

టైపక్కకు ఆయన దేవుడితో సమానం. భర్త పోయి, చంటిపిల్లను చంకనేసుకుని ఉద్యోగానికి వచ్చిన కొత్తలో ఆమెకు టైపు వేగం రాలేదు. తీసేస్తామన్నారు. అప్పుడు ఆయన నెల రోజుల పాటు సాయంత్రాలు కూర్చుని, తన పాఠాలు చదివి వినిపించి ఆమె చేత టైపు చేయించాడు. ఆ పిల్ల పెద్దదయ్యాక ల్యాబు సామాను గదిలో కూర్చోబెట్టి చదువు చెప్పాడు. ఇప్పుడు ఆ పిల్ల నర్సు. "ఆయన లేకపోతే మేమిద్దరం వీధిన పడేవాళ్లమే" అని అక్క నాతో ఎన్నిసార్లు అందో.

నిరుటి చీటీల్లో ఆయన మీద ఒకటి, 'ఎ' సెక్షన్‌ది: "సారు ఒకే పాఠం రెండుసార్లు చెప్పారు. రెండోసారే బాగుంది." ఇద్దరం నవ్వాం. బి సెక్షన్‌లో ఒకటి: "సారు నన్ను ఏదో పేరుతో పిలుస్తున్నారు. ఆ పేరుగలవాళ్లు మా క్లాసులో లేరు." ఈసారి నేనొక్కదాన్నే నవ్వాను. సి సెక్షన్‌లో ఒకటి: "మధ్యలో ఆగిపోయి, ఇప్పుడు మనం ఏం చేస్తున్నాం అని మమ్మల్నే అడిగారు." ఒక్కో సెక్షన్‌లో ఒక్కటే. అక్క ఏదీ టైపు చేయలేదు. తర్వాతి సెమిస్టర్‌లో ఇంకొకటి వచ్చింది, బర్నరు వెలుగుతుండగానే తాళం వేసి వెళ్లిపోయారని. అదీ ఒక్కటే.

ఐదోది రెండో సంవత్సరం వాళ్లది. చదివి అక్క చాలాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుంది. నేను లాక్కుని చూశాను.

"సారు తిరగేసి చెప్పారు. ముందు యాసిడ్ అన్నారు. మాకు తెలుసు కాబట్టి నవ్వుకుని సరిగ్గా చేసుకున్నాం. సారు మంచివారు. పదికి పది."

"అక్కా, ఇది కచ్చ కాదే."

"ఒక్కటేగా."

"ఈ సెక్షన్‌లో ఒక్కటి. సొరుగులో ఉన్నవి కూడా తీసి లెక్కపెట్టు. ఐదు!"

"ఏ సెక్షన్ లెక్క ఆ సెక్షన్‌దే" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఆయన రిటైర్మెంటుకు ఏడు నెలలుంది. ఈ కాగితం లోపలికి పోతే రేపే ఇంటికి పంపేస్తారు. చప్పట్లతో సాగనంపాల్సిన మనిషిని మతిపోయిందని ముద్ర వేసి పంపమంటావా? నా చేతులతో టైపు చేయమంటావా?"

ఊళ్లో వాళ్లందరి నోళ్లూ మూయించే నేను అప్పుడు నోరు మూసుకున్నాను. ఆయనంటే నాకూ ఇష్టమే. ఆ ఐదు చీటీలనూ అక్క చింపలేదు. కళ్లజోడు డబ్బాలో మడిచి పెట్టి హ్యాండుబ్యాగులో వేసుకుంది.

సెలవులయ్యాయి. కొత్త పిల్లలు చేరడం మొదలైంది. ఒక శనివారం మాస్టారు మా గదిలోకి వచ్చి ల్యాబు తాళంచెవి అడిగాడు. "మీ చేతిలోనే ఉంది సార్" అంది అక్క. ఆయన చూసుకుని పకపకా నవ్వాడు. మేమూ నవ్వాం. ఆయన వెళ్లాక నేను రిజిస్టరులో ఒకే పేరు రెండుసార్లు రాశాను.

ఆ రోజే ఒక అమ్మాయి ఫారం నింపడానికి వచ్చింది. అక్క బల్ల మూలన నిలబడి రాస్తుంటే అక్క చూసి, "ఎంత చక్కటి రాతమ్మా, ముత్యాలు పేర్చినట్టుంది" అంది. ఆ పిల్ల సిగ్గుపడి, "ఆంటీ, సోమవారం మాకు ప్రాక్టికల్స్ అంట. నాకు భయం. సారు ఎలా ఉంటారు?" అని అడిగింది.

అక్క నా వైపు చూడలేదు. "బంగారం లాంటి మనిషి. భయమెందుకు? ఆయన చెప్పినట్టు చెయ్, చాలు."

ఆ పిల్ల వెళ్లగానే నేను లేచాను. "వీళ్లు కొత్తవాళ్లక్కా. రెండో సంవత్సరం వాళ్లకు తెలుసు కాబట్టి సరిచేసుకున్నారు. వీళ్లకేం తెలుసు?"

"సోమవారం పొద్దున్నే నేనే వెళ్లి సారుతో మాట్లాడతాను" అంది. "ఆయనకే చెప్తాను. కాగితం అక్కర్లేదు."

నేను సరేనన్నాను. చెప్పుతో కొట్టాలి నన్ను.

సోమవారం ఆమె వచ్చేసరికే ప్రిన్సిపాల్ గదిలోంచి పిలుపొచ్చింది, ఏదో ఉత్తరం అర్జంటని. ఆమె తిరిగి వచ్చి ఆ ఉత్తరానికి కూర్చుంది. "ఇది అవ్వగానే వెళ్తానే" అంది. నాలుగు వాక్యాల ఉత్తరం. కిటికీ తెరిచే ఉంది. అవతల బెంచీలు జరిపిన చప్పుడు, పిల్లల గుసగుసలు, తర్వాత మాస్టారి గొంతు. ఇరవై రెండేళ్లుగా విన్న గొంతే, అంతే హుషారుగా.

"ముందు యాసిడ్! ఏం చెప్పాను? ముందు?"

"యాసిడ్ సార్!"

అక్క కుర్చీ వెనక్కి పడిపోయింది. చెప్పులు బల్ల కిందే వదిలేసి వరండాలోకి పరుగెత్తింది. "వద్దు! పోయకండి! ముందు నీళ్లు! ముందు నీళ్లు!" అని అరుస్తూ పోతోంది. జీవితంలో ఆమె గొంతు పైకి లేవడం నేను విననేలేదు. నేను వెనకాలే ఉన్నాను. ల్యాబు గుమ్మం ఇంకా నాలుగడుగులు ఉందనగా లోపల గాజు పగిలింది. తర్వాత కేక.

మొదటి బెంచీ. ఆ పిల్లే. చెప్పినట్టు చేయడంలో అందరికంటే ముందుంది. మొహం తిప్పుకోబట్టి కళ్లు దక్కాయి. కుడి చేయి మణికట్టు దాకా తడిసిపోయింది. అక్క ఆ చేతిని కుళాయి కిందికి లాగి పట్టుకుని ఏడుస్తూ అదే మాట అంటోంది, "ముందు నీళ్లు, ముందు నీళ్లు."

మాస్టారు దగ్గరికి వచ్చాడు. అరుపులు, పరుగులు ఏవీ ఆయనకు పట్టలేదు. అక్క మొహంలోకి చూసి తృప్తిగా తలాడించాడు.

"సరిగ్గా చెప్పావమ్మా. ఏ సెక్షన్ నువ్వు?"

విచారణ జరిగింది. ప్రిన్సిపాల్ రెండేళ్ల కాగితాలు ముందేసుకుని, "ఇందులో ఎక్కడా ఒక్క ముక్క లేదే! అంతా పదికి పదే! చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?" అన్నాడు. పసిపిల్ల చేయి నిజంగానే కాలిందయ్యా, సామెతలు నీ దగ్గరే ఉంచుకో అని నోటి దాకా వచ్చింది. అక్క కళ్లజోడు డబ్బా తెరిచి ఐదు చీటీలూ ఆయన ముందు పరిచింది. ఆయన చదివి, ఉద్యోగం మాట గానీ చీటీల పని మాట గానీ ఎత్తకుండా, ఇక వెళ్లమన్నాడు. ఆ వారమే మాస్టారిని కొడుకు వచ్చి తీసుకెళ్లాడు. చప్పట్లు లేవు. గేటు దాటుతూ ఆయన మా కిటికీ వైపు చెయ్యి ఊపాడు. ఎవరనుకుని ఊపాడో.

అక్క రోజూ వచ్చేది, పని చేసేది, వెళ్లేది. నాతో మాట్లాడటం తగ్గించింది. నేను మాట్లాడటం కూడా తగ్గించాను. అది నాకు కొత్త.

సెమిస్టర్ చివర పెట్టె వచ్చింది. మొదటి సంవత్సరం కట్ట విప్పింది. పదో పన్నెండో చీటీలు తిరగేసి ఒకదాని దగ్గర ఆగింది. వంకర టింకర అక్షరాలు, ఒకటి పైకి, ఒకటి కిందికి. బడిలో వేసిన మొదటి నెలలో పిల్లలు అలా రాస్తారు. ఎడమచేతి రాత. ఆ రాత ఎవరిదో మా ఇద్దరికీ ఎవరూ చెప్పక్కర్లేదు.

"ప్రాక్టికల్స్ సారు మీద నాకు కోపం లేదు. మంచివారని అందరూ అన్నారు. ఆఫీసులో ఆంటీ కూడా ఆయన చెప్పినట్టు చేయమన్నారు. అలాగే చేశాను."

అక్క చేతులు కీబోర్డు మీద పెట్టింది. తీసేసింది. మళ్లీ పెట్టింది. నాకు ఏడుపు ఆగలేదు. "ఒక్కటేగా అక్కా, వదిలెయ్" అన్నాను, ఎందుకన్నానో నాకే తెలియదు.

ఆమె ఆ చీటీని టైపు చేయలేదు. సొరుగులోనూ వేయలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టే ప్రిన్సిపాల్‌కు పోయే కాగితానికి గుండుసూదితో గుచ్చింది. నా పెన్ను అడిగి తీసుకుని, దాని కింద చేత్తో రాసింది: "ఆ ఆంటీని నేనే. నాకు అప్పటికే తెలుసు."

దాని కింద తన పేరు, పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసింది.