చాలమ్మ పేరు మార్చుకోలేదు

ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లెలో పాపయ్య, నారాయణమ్మ అనే దంపతులు గొర్రెలు మేపుకుని బతికేవారు. వరసగా ముగ్గురు ఆడపిల్లలు పుట్టాక నాలుగో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టింది. ఆ కబురు వినగానే పాపయ్య, "చాలు తల్లీ, ఇంక చాలు" అన్నాడట. పిల్లకు అదే పేరైంది. చాలమ్మ. అలా పేరు పెడితే తర్వాత మగపిల్లాడు పుడతాడని మా వైపు ఒక నమ్మకం. రెండేళ్లకు నిజంగానే కొడుకు పుట్టాడు. "పేరు పనిచేసింది" అని పాపయ్య టీ అంగడి దగ్గర కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఆ మాట వింటూనే చాలమ్మ పెరిగింది.

నేను ఆమెను మొదట చూసింది నంద్యాలలో, 1974లో. చర్చి వాళ్ల బాలికల హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. చాలమ్మ మా వంటింట్లో పనికి చేరింది. అప్పటికి ఇరవై ఏళ్లు ఉంటాయేమో. పొడగరి, బలమైన మనిషి. పొయ్యి మీది అన్నం గుండిగను ఒక్కతే దించేది. కానీ ఎవరైనా కూర్చోమంటే మాత్రం బెదిరిపోయేది. ఎవరు తగిలినా తప్పు తనదే అన్నట్టు పక్కకు ఒదిగేది. ఒకసారి గుమ్మంలో పడుకున్న కుక్కను కూడా "రవ్వంత జరుగప్పా" అని బతిమాలుకుంది. మేమంతా పకపకా నవ్వితే, ఏం చేసిందో అర్థమై తనూ నవ్వింది.

వంటింటికి పెద్ద హన్నమ్మ. ఆమె కేకేస్తే వీధి చివర రిక్షాలు ఆగేవి. చాలమ్మ రోజూ అందరి తర్వాత, తలుపు చాటున నిలబడి అడుగంటిన అన్నం తినడం ఆమె కనిపెట్టింది. ఒక పొద్దున బొరుగులతో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసి, పీట వాల్చి, మొదటి పళ్లెం చాలమ్మ ముందు పెట్టింది.

"కూర్చో మే. వేడిగా ఉండాది, తిను."

"పిల్లోళ్లు తిననీలే అక్కా. మిగిలింది నేను తింటాలే."

"మిగిలింది తినేదానికి ఈడ కోళ్లుండాయి. నువ్వు మనిషివి. కూర్చో."

చాలమ్మ కూర్చుంది. రెండు ముద్దలు తినేసరికి కళ్ల నీళ్లు కారాయి.

"బజ్జీ కారంగా ఉండాదక్కా" అంది.

"ఇంకా దాన్ని ముట్టుకోనే లేదు కదే నువ్వు!" అంది హన్నమ్మ.

ఆదివారాలు హన్నమ్మ ఆమెను చర్చికి వెంటబెట్టుకుని పోయేది. మొదట్లో చాలమ్మ బయట, చెప్పులు విడిచే చోట కూర్చునేది. ఒక ఆదివారం పాస్టరు జ్ఞానప్రకాశం అయ్యగారు తప్పిపోయిన గొర్రె ఉపమానం చెప్పారు. మందనంతా విడిచిపెట్టి, తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం కాపరి వెతుక్కుంటూ వెళ్లిన కథ. గొర్రెల మాట వినబడేసరికి చాలమ్మ లేచి గుమ్మం దాకా వచ్చింది. ఇంకాసేపటికి లోపలికి వచ్చి చాప మీద కూర్చుంది.

ఆరోజు బియ్యం ఏరుతూ ఆమె హన్నమ్మను అడగడం నేను విన్నాను.

"అన్ని గొర్లుండంగా ఒక్కదాని కోసం ఎవురన్నా పోతారా అక్కా?"

"గొర్లోళ్ల బిడ్డవు, నువ్వే చెప్పాల."

చాలమ్మ చేట పక్కన పెట్టింది. "పోతారు. మా నాయన పోయినాడు. పిల్ల ఒకటి కంపల్లో ఇరుక్కుంటే వానలో పోయి భుజాన ఏసుకోనొచ్చినాడు. కాళ్లంతా ముళ్లే." నెమ్మదిగా అంది: "ఆ పొద్దు ఆ గొర్రెపిల్లను చూస్తే నాకు కుళ్లు పుట్టిండె అక్కా. నా కోసం ఎవురొస్తారులే అనుకుంటి."

హన్నమ్మ ఆమె తల మీద చెయ్యి వేసింది. "నీ కోసం ప్రభువు వచ్చినాడు కదమ్మే. లేకుంటే ఈడెందుకుంటావ్?"

ఆ తర్వాత చాలమ్మ పాస్టరుగారి దగ్గర వాక్యం నేర్చుకుంది, బాప్తిస్మానికి సిద్ధపడింది. ముందు రోజు ఆయన దగ్గరకు వెళ్లి, "అయ్యగారూ, నాకు కొత్త పేరు పెట్టండి. ఈ పేరుతో దేవుని ముందర నిలబడేదానికి సిగ్గయితాంది" అంది.

"పెడతానమ్మా. లూదియా అందామా? లేకుంటే ఎస్తేరు?" అన్నారు ఆయన. తర్వాత, "ఈ పేరుకేమైంది?" అని అడిగారు. ఆమె తన కథంతా చెప్పింది.

ఆయన అన్నారు: "మీ నాయన చాలంటే ఇంక వద్దని. దేవుడు నిన్ను చూసి చాలంటే దాని అర్థం వేరమ్మా. ఈ బిడ్డ ఉన్నట్టుగానే నాకు చాలు, దీనికి ఇంకేమీ చేర్చే పని లేదని. ఏ పేరు కావాలో రేపు నువ్వే చెప్పు."

మరునాడు కుందేరు నదిలో నడుము లోతు నీళ్లలో నిలబడి ఆయన, "నీ పేరేంటమ్మా?" అని అడిగారు. లూదియా అంటుందని మేమంతా ఒడ్డున ఎదురుచూస్తున్నాం.

"చాలమ్మ!" అని అరిచింది.

ఆ గొంతులో అంత బలం ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. అవతలి ఒడ్డున బట్టలుతుకుతున్న వాళ్లు కూడా తలెత్తి చూశారు. హన్నమ్మ చప్పట్లు కొట్టింది. పాస్టరుగారు నవ్వు ఆపుకోలేక, ప్రార్థన మొదలుపెట్టడానికి కొంచెం సమయం తీసుకున్నారు.

తర్వాత ఆళ్లగడ్డలో ట్రాక్టర్లు రిపేరు చేసే యేసుదాసుతో ఆమెకు పెళ్లయింది. 1982లో నాకు ఆళ్లగడ్డ బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఇల్లు వెతుక్కుంటూ ఒక వీధిలోకి తిరిగేసరికి, "హాస్టలు పాపా! యాడికి పోతాండావ్?" అని ఒక కేక వినబడింది. చూస్తే చాలమ్మ. ఆమె పక్క ఇంట్లోనే అద్దెకు దిగాను.

అప్పటికే ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు. మరుసటి ఏడు మూడో కాన్పు. మళ్లీ ఆడపిల్లే. పాపయ్య పల్లె నుంచి బస్సెక్కి వచ్చాడు. ముసలివాడయ్యాడు. ఆసుపత్రి వరండాలో తలగుడ్డ చేతిలో పట్టుకుని, ఎవరో పోయినట్టు నిలబడ్డాడు.

"మళ్లా ఆడపిల్లేనంట కదమ్మే?" అన్నాడు లోపలికొచ్చి.

"ఔ నాయనా. ఎట్లుండాదో చూడు, ఎత్తుకో."

ఆయన వద్దనేలోపే బిడ్డను చేతుల్లో పెట్టింది. గొర్రెపిల్లలను ఎత్తి ఎత్తి అలవాటైన చేతులేమో, బిడ్డ ఇట్టే ఒదిగిపోయింది.

"పేరు నువ్వే పెట్టు నాయనా" అంది చాలమ్మ.

పాపయ్య తల వంచుకున్నాడు. "నాకు పేర్లు పెట్టేది చాతగాదమ్మే. నీకు పెట్టింది చూసినావు కదా" అన్నాడు.

"నాకు పెట్టిన పేరు బాగుండాది. అయ్యగారు కొత్తది పెడతానన్నా నేనే వద్దంటి. నీ మీద కోపమేం లేదు నాయనా."

ఆయన తలగుడ్డతో మొహం తుడుచుకుని, బిడ్డ వైపు చూసి, "బంగారమ్మ అందామా?" అన్నాడు భయం భయంగా. చర్చి పుస్తకంలో గ్రేస్ బంగారమ్మ అని రాయించారు.

ఆ తర్వాత చాలమ్మకు ఒక అలవాటైంది. మా వీధుల్లో ఎవరికి ఆడపిల్ల పుట్టినా, ఏ కులమైనా, ఏ మతమైనా, పూర్ణం పెట్టి ఓళిగలు చేసుకుని పోయేది. రెండో ఆడపిల్ల పుట్టిందని మా వీధిలోని శేషయ్య తన వాకిట్లో దిగులుగా కూర్చున్నప్పుడు నేనూ వెంట వెళ్లాను.

"ఏందీ శేషయ్యన్నా, మొహం అట్ల పెట్టుకోనుండావ్? బిడ్డ పుట్టిన ఇల్లిది" అంది చాలమ్మ. "లెయ్. బేగా పోయి నెయ్యి పట్టుకరా, ఓళిగలు చల్లారిపోతాండాయి."

శేషయ్య లేచి నెయ్యి కోసం లోపలికి పోయాడు.