సున్నా బరువు చీటీ

మా పల్నాడులో ఏజెంటు అంటే ఎన్నికల రోజు పోలింగ్ బూత్‌లో కూర్చుని, వచ్చిన ప్రతివాడినీ మనవాడా కాదా అని చూసేవాడు. అందుకే కంప్యూటరు పనికి ఏజెంటును పెట్టానని చెప్పగానే సున్నపు బట్టీ యజమాని నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఏ పార్టీరా?"

"పార్టీ లేదన్నా. తిండి లేదు, నిద్ర లేదు. చెప్పిన పని చేస్తది, అంతే."

"అట్టాంటోడు మన జిల్లాలో పుట్టలేదే!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రోజుల్లో నాకు ఇంకా నవ్వొచ్చేది.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. బడికి పెద్ద నష్టమేమీ కలగలేదు. నరసరావుపేటలో జిరాక్సు కొట్లో పనికి చేరి, గిరాకీ లేని వేళల్లో వీడియోలు చూసి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. అట్లా రాసిన వాటిలో నిలిచింది పిడుగురాళ్ల దగ్గర ఈ బట్టీ కాటాకు రాసిందే. రాయి లోడుతో లారీ కాటా ఎక్కుతుంది, బరువు కంప్యూటరులో పడుతుంది, చీటీ వస్తుంది. మిగతా గిరాకీలు, రెండు ఎరువుల కొట్లూ ఒక బడీ, ఫోనులో దొరికే రెడీమేడ్ యాప్‌లకు వెళ్ళిపోయాయి. నాకు మిగిలింది ఈ కాటా ఒక్కటే, నెలనెలా దాన్ని చూసిపెట్టినందుకు వచ్చే డబ్బే. అది కూడా పోతే మళ్ళీ జిరాక్సు మిషను ముందు నిలబడాలి, ఈ వయసులో.

మొదట్లో కాటాకు ఏ జబ్బు చేసినా బస్సెక్కి వెళ్ళి, ఒళ్ళంతా సున్నంతో తిరిగొచ్చేవాణ్ణి. మా ఆవిడ గుమ్మంలోనే ఆపి, "ఏందయ్యా, గోడకు వేశావా, నీకే వేసుకున్నావా?" అనేది. తర్వాత ఎస్ఎస్‌హెచ్ నేర్చుకున్నాను. ఇంట్లో కూర్చుని అక్కడి కంప్యూటరు లోపలికి నడిచిపోయే దారి అది. తాళంచెవి నా లాప్‌టాప్‌లో, దాని గుర్తు అక్కడి కంప్యూటరులో ఉంటాయి. నల్లటి తెర మీద నేను ఇక్కడ టైపు చేస్తే పని అక్కడ జరుగుతుంది. ఈమధ్య ఆ దారిన ఏఐ ఏజెంటును పంపి, బట్టీ కంప్యూటరులోనే కాపురం పెట్టించాను. కోడ్ అదే చదువుతుంది, అదే మారుస్తుంది, మార్చే ముందు చేయమంటారా అని అడుగుతుంది. నేను అవునంటాను. పూజారి మంత్రాలు చదువుతుంటే మధ్యమధ్యలో నమః అనేవాడి ఉద్యోగం నాది.

ఆ కాటా దగ్గర ఒక పద్ధతి ఉంది. పొద్దున తొలి లారీకి ముందు కాటా అంచున కొబ్బరికాయ కొట్టి, ఖాళీ కాటాను తూచి, అమ్మోరి పేరున బోణీ చీటీ తీస్తారు. లారీ నంబరు ఉండాల్సిన చోట అమ్మోరి పేరు, బరువు దగ్గర సున్నా. ఆ చీటీ కాటా గదిలో అమ్మోరి పటం ముందు పెడితేనే లారీలు కదులుతాయి. నేను ప్రోగ్రాము రాసేటప్పుడు కాటా చూసే పెద్దాయన, నేను మామా అని పిలుస్తాను, పక్కనే నిలబడి ఆ సున్నా చీటీ కోసం ప్రత్యేకంగా ఒక లైను రాయించాడు. అది ఎందుకుందో పక్కన ఒక ముక్క రాసిపెట్టలేదు నేను. బట్టీలో అందరికీ తెలిసిందే కదా, రాసేదేముంది అనుకున్నాను.

ఒక సాయంత్రం ఏజెంటు అడిగింది: బరువు సున్నా ఉన్నా చీటీ వస్తోంది, ఇది లోపం, సరిచేయమంటారా? నిజమే, సున్నా బరువున్న లారీ ఎక్కడుంటుంది, భలే పట్టిందే అని మెచ్చుకుని మరీ అవునన్నాను. అది నేను రాసిన లైనే. చూసి కూడా గుర్తుపట్టలేదు.

మర్నాడు పొద్దున్నే మామ ఫోను. "అల్లుడూ, అమ్మోరి చీటీ రావట్లేదురా!"

"ఏమంటోంది మామా?"

"బరువు లేకుండా చీటీ ఇవ్వదంట. అమ్మోరు ఎన్ని టన్నులుంటదిరా? నువ్వే చెప్పు, రాస్తా."

నిన్న నేనన్న అవును గుర్తొచ్చింది. "ఈ ఒక్కరోజుకీ ముందు లారీ ఎక్కించు మామా."

"బోణీ కాకుండా ఎట్టా ఎక్కించేదిరా? లారీల లైను రోడ్డు మీదికెళ్ళింది. డ్రైవర్లు నన్ను తిడుతున్నారు, నేను నిన్ను తిడుతున్నా, అంతే తేడా."

లాప్‌టాప్ తెరిచాను. ఆ పొద్దున్నే మా వీధిలో కాలవ తవ్వే పొక్లెయిను ఇంటర్నెట్ తీగను తెంపింది. ఫోను నెట్టుతో ప్రయత్నిస్తే బట్టీ కంప్యూటరు వాకిలి దాకా వెళ్ళడం, తెగిపోవడం. చివరికి పాతరోజుల్లోలా పిడుగురాళ్ల బస్సెక్కాను. సగం దారి దాకా మామ ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. తర్వాత ఆగిపోయాయి. ఆ ఆగిపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

నేను దిగేసరికి లారీలు ఒకదాని వెనుక ఒకటి కాటా ఎక్కుతున్నాయి. పటం ముందు చీటీ ఉంది.

"వచ్చావా అల్లుడూ! అయిపోయిందిలేరా," అన్నాడు మామ.

కాటా గదిలో యజమాని ఫోను పట్టుకుని హుషారుగా ఉన్నాడు. నా గొప్ప చూపించుకోవడానికి కిందటి నెలలో నేనే ఆయన ఫోనులో ఏజెంటుతో మాట్లాడే ఏర్పాటు చేసిపెట్టాను.

"అమ్మోరి చీటీ ఆపావంట, ఏంది నీ సంగతని గద్దించా. క్షమించండి అంది! ఇన్నేళ్ళలో నువ్వొక్కసారన్నా అన్నావట్రా ఆ మాట? ఇంకేమన్నా పద్ధతులుంటే చెప్పండి, గుర్తుపెట్టుకుంటానంది. అమావాస్య గుమ్మడికాయ సంగతి కూడా చెప్పేశా."

తెర మీద చూశాను. నా లైను దాని చోటుకి తిరిగొచ్చింది. పైన తెలుగులో ఒక వాక్యం ఉంది: ఇది అమ్మవారి బోణీ చీటీ కోసం, తొలి లారీకి ముందు రావాలి, తీసేయవద్దు. నేను ఎన్నడూ రాయని వాక్యం.

యజమాని తిడతాడేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది. తిట్టేవాడు మళ్ళీ పిలుస్తాడు. ఆయన టీ తెప్పించి, "ఎండలో ఎందుకొచ్చావురా? ఇక నెలనెలా నువ్వు చూడక్కర్లేదులే, శ్రమ పడమాకు. చెబితే అదే చేస్తోందిగా," అన్నాడు, చాలా ప్రేమగా.

నా నోరు ఊరుకుంటుందా? "అయితే నా తాళంచెవి కూడా పీకెయ్యమను అన్నా. రేపు దొంగ పడితే నా మీదికొస్తది," అన్నాను నవ్వుతూ. ఛీ, నీ తాళంచెవి తీయిస్తానా, నువ్వు మనోడివిరా అంటాడని అన్న మాట అది. ఎప్పుడూ అట్లాగే అనేవాడు.

ఆయన ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. "ఈ అబ్బాయి తాళంచెవి తీసెయ్."

ఖాయమేనా అని అది అడిగింది. ఆయన అవునన్నాడు.

మామ నా వైపు ఒకసారి చూసి, హారన్ కొడుతున్న లారీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున బోణీ వేళకి ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. మామ తిట్లు రావాల్సిన వేళ దాటిపోయింది. అమ్మోరికి చీటీ వచ్చేసినట్టుంది.