చిప్పలకు పోసిన మంచినీళ్లు

రాయదుర్గం చుట్టుపక్కల పల్లెల్లో ఇంటికొచ్చిన మనిషిని కాఫీ తాగుతావా అని ధారాళంగా అడుగుతారు. నీళ్లు కావాలంటే మాత్రం ముందు బిందె వంక ఒక చూపు పోతుంది, ఆ తర్వాతే చేయి కదులుతుంది. నదుల ఒడ్డున పుట్టినవాళ్లకు ఆ చూపు పిసినారితనంలా కనిపిస్తుంది. నాలుగు దేశాలు తిరిగి, కాలువ పక్కన కూర్చుని కూడా చెంబెడు నీళ్లు ఇవ్వని మనుషుల్ని చూసినవాడికి అలా అనిపించదు.

అలాంటి ఒక పల్లెలో ఆ చూపు లేని మనిషి యశోదమ్మ ఒక్కతే. గాజులమ్ముకుంటూ వచ్చేవాళ్లు, బోరు లారీ కూలీలు, మేకలు, పిచ్చుకలు, ఏ ప్రాణి అయినా దప్పికతో ఆమె వాకిలి దాటకూడదు. "పాము వచ్చినా చెంబు పట్టుకోని ఎదురుపోతావే నువ్వు" అని మొగుడు బయ్యన్న బతికున్నన్నాళ్లూ ఎగతాళి చేశాడు. ఆయన వేయించిన బోర్లు ఒకదాని వెంట ఒకటి దుమ్ము కక్కాయి. మిగిలిన ఒక్కదానిలో వచ్చేవి ఉప్పునీళ్లు. బట్టలకూ అంట్లకూ సరి. తాగే నీళ్లకు ఊరి ఫిల్టరే దిక్కు, దాని మోటారు కాలితే ఆ దిక్కూ లేదు. అయినా యశోదమ్మ చేయి వెనక్కి పోలేదు.

అటువంటి మనిషి ఇంట్లోనే ఇప్పుడు కోడలు ఎండిపోతోంది.

కోడలి పేరు హేమ. ఈ ప్రాంతం మగవాళ్లు వానలు మొహం చాటేసిన ఏడాదిలో కనుమలు దిగి పడమటి సముద్రానికి పోతారు, అక్కడి రేవుల్లో చేపల పడవలకు మంచుగడ్డలు మోస్తారు. యశోదమ్మ కొడుకు చైతన్య అలాగే మల్పె రేవుకు పోయి, చేపలవాళ్ల ఇంటిపిల్లను పెళ్లాడి వచ్చాడు. ఇప్పుడు రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుడతాడు. అత్తకు సరిహద్దు కన్నడం, కోడలికి నేర్చుకున్న తెలుగు, రెండూ కలిపి ఇద్దరూ బాగానే కబుర్లాడుకునేవాళ్లు. ఏడో నెలలో హేమకు కడుపు పోయింది. ఆ రోజు నుంచి గోడ వైపు తిరిగి పడుకుంది. సంగటి, నాటుకోడి పులుసు, ఉగ్గాని, ఏది పెట్టినా రెండు మెతుకులు. కంట్లో చుక్క నీరు రాలేదు.

"సూదులు ఎన్నని వేసేది యశోదమ్మా?" అన్నాడు డాక్టరు. "ఒంట్లో రక్తం లేదు. ఇట్లనే ఉంటే ఈ పిల్ల మీకు దక్కదు. తినిపించు."

హేమ ఒక్కసారి అడిగింది, "అత్తా, అమ్మ దగ్గరికి పోతా" అని.

"ఇప్పుడా? ఒట్టి కడుపుతో పంపిస్తే ఊరు ఏమంటాది? బిడ్డ పోయిందని తరిమేసినారంటారు. నేను లేనా? నేను బతికిస్తా నిన్ను" అంది యశోదమ్మ. ఎండిన పొలం మీద ఇన్నేళ్లు గెలిచిన మనిషి, ఒక పిల్లను గెలవలేనా అనుకుంది. హేమ మళ్లీ అడగలేదు.

చివరికి ఒకనాడు, "ఏం తింటావో అదన్నా చెప్పు నా తల్లీ" అని కాళ్ల దగ్గర కూర్చుని ప్రాధేయపడితే, గోడతో చెప్పినట్టు ఒక్క మాట అంది. "పాచిలె."

అంటే సముద్రపు రాళ్లను పట్టుకుని బతికే ఆకుపచ్చ అంచున్న నల్లచిప్పలు. అత్త గుచ్చి గుచ్చి అడిగితే వండే తీరు కూడా చెప్పింది. వాళ్లమ్మ వాటిని చట్టిలో మూతపెట్టి ఆవిరికి ఉడికిస్తుంది. చుక్క నీళ్లు పోయదు. వాటిలోని నీళ్లతోనే అవి ఉడికి నోళ్లు తెరుస్తాయి. నీళ్లు లేకుండా వంటేమిటని యశోదమ్మ ఆశ్చర్యపోయింది గానీ, కోడలు అన్ని మాటలు మాట్లాడినందుకే లోపలికి పోయి దేవుడి పటానికి దండం పెట్టుకుంది.

కబురు అందగానే హేమ వాళ్లన్న చిప్పల్ని తడిగోనెలో చుట్టి, మంచుపెట్టెలో పెట్టి, మంగళూరు నుంచి వచ్చే బళ్లారి బస్సులో వేశాడు. చైతన్య బళ్లారి పోయి తెచ్చి వంటింట్లో దించాడు. పెట్టెలో మంచు అప్పటికే కరిగిపోయింది.

"మా, వీటిని ముట్టుకోవద్దు. గోనె తీయద్దు. సాయంత్రం వచ్చినాక హేమను లేపి, ఆమె చెప్పినట్ల చేద్దాం."

"ఏమప్పా, ఇన్నేండ్లు వండినదాన్ని, నాకు చెప్పాల్నా నువ్వు? పో, నీ ప్యాంట్లు కుట్టుకోపో."

మధ్యాహ్నానికి రేకులు కాలి వంటిల్లు పొయ్యిలా తయారైంది. గోనె పొడిబారింది. యశోదమ్మ ఉండబట్టలేక అంచు ఎత్తి చూసింది. చిప్పలు చాలావరకు బిగుసుకుని ఉన్నాయి. ఒకటి రెండు మాత్రం సన్నగా నోరు తెరిచాయి, జ్వరం పడ్డ పిల్ల పెదవుల్లా.

ముత్యపు చిప్పల గురించి మన దేశంలో ఒక నమ్మకం ఉంది. స్వాతి కార్తెలో అవి సముద్రం మీదికి తేలి నోరు తెరుచుకుని చూస్తాయట, వాన చినుకు పడితే ముత్యమవుతుందట. పండితులు శ్లోకాల్లో చెప్పారు, హరికథల్లో చెప్పారు. యశోదమ్మ పుట్టిల్లు వజ్రకరూరు దగ్గర. తొలకరి పడగానే చేలో వజ్రం దొరుకుతుందని వంగి నడిచే ఊళ్లవి. వాన తెచ్చేది అదృష్టమని అక్కడ ఉగ్గుపాలతో పోస్తారు. ఆమె కూడా చిన్నప్పుడు నడుము విరిగేలా వెతికి ఒక గులకరాయి తెచ్చుకుంది. అలాంటి మనిషికి నోరు తెరిచిన చిప్ప ఏం అడుగుతోందో చెప్పాల్సిన పనేముంది?

ఇంట్లో ఒక్క బిందె ఫిల్టరు నీళ్లు మిగిలున్నాయి. మోటారు కాలి ఊరంతా రాయదుర్గం నుంచి క్యాన్లు తెచ్చుకుంటున్న వారం అది. యశోదమ్మ వెడల్పాటి సత్తు తట్టలో చిప్పలు పోసి, బిందె ఎత్తి, మెల్లగా వాటి మీద వంచింది.

పక్కింటి లక్ష్మక్క పాలకు తోడు అడగడానికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏందిది యశోదమ్మా! రాళ్లకు ఫిల్టరు నీళ్లా? మా ఇంటాయన మొన్నటి నుంచి బోరు నీళ్లు తాగి మూతి తిప్పుతాండాడు!"

"రాళ్లు కాదులేవే, ప్రాణముండాది. సూడు, ఎట్ల నోరు తెరస్తాండాయో. ఎంత దప్పికైందో పాపం, తాగుతాండాయి."

"మా ఆయన్ని కూడా తెచ్చి ఆ తట్టలో కూర్చోబెడతా ఉండు" అని లక్ష్మక్క తోడు తీసుకుని పోయింది.

ఒక్కొక్కటే చిప్పలు తెరుచుకుంటుంటే యశోదమ్మ ముఖం విచ్చుకుంది. గది దగ్గరికి పోయి, "మ్మే హేమా, నీ పుట్టింటోళ్లు నీళ్లు తాగి బాగుండారు" అని చెప్పింది. హేమ తిరగలేదు.

చైతన్య వచ్చేసరికి పొద్దు వాలుతోంది. వాకిట్లోనే ముక్కు మూసుకున్నాడు. "మా! ఏం చేసినావు?"

"నీళ్లు పోసినా. ఏం?"

"ఏం నీళ్లు?"

"మంచినీళ్లే నాయనా. ఉప్పునీళ్లు కాదు. ఫిల్టరువి."

చైతన్య తల పట్టుకుని తట్ట పక్కన కూలబడ్డాడు. రేవులో మంచు మోసినవాడికి ఇంతమాత్రం తెలుసు. "అవి సముద్రంలోవి మా. తియ్యనీళ్లు వాటికి విషం. చచ్చిపోయినాయి."

యశోదమ్మకు మొదట అర్థం కాలేదు. నీళ్లు విషమెలా అవుతాయి? తట్టలోకి చూసింది. అన్ని నోళ్లూ తెరిచే ఉన్నాయి. వేలితో ఒకదాన్ని మూయబోయింది. వదలగానే మళ్లీ తెరుచుకుంది. డాక్టరు మాట చెవిలో మోగింది. మల్పె నుంచి మరో పెట్టె రావాలంటే ఎన్ని రోజులు, అప్పటికి ఈ పిల్ల మంచం మీద ఉంటుందా?

"నా చేతులు ఇరిగిపోను. ఒక్కటడిగింది బిడ్డ. ఒక్కటి!" అని నెత్తి కొట్టుకుంది.

ఆ అరుపుకో, ఆ వాసనకో, హేమ లేచి గోడ పట్టుకుంటూ వచ్చింది. తట్ట చూసింది. అత్తను చూసింది.

"తీపినీళ్లు పోసినావా?" అంది. "సముద్రంలో బతికేదానికి తీపినీళ్లు పోస్తారా ఎవరన్నా! గోనె తడిపితే చాలదా? ఎవరు అడిగినారు నిన్ను, ఎవరు పోయమన్నారు?" తెలుగు అయిపోయి కన్నడంలోకి, కన్నడం అయిపోయి తన తుళులోకి పోయింది. ఆ చివరి తిట్లు అత్తకు అర్థం కాలేదు. యశోదమ్మ తల వంచుకుని అన్నీ విన్నది.

తిట్టి తిట్టి ఆయాసపడి హేమ కింద కూర్చుంది. చేయి దానంతటదే తట్టలోకి పోయింది. ప్రాణముందేమోనని ఒక్కో చిప్పనూ తీసి రెండోదానితో టకటకలాడించింది. ఉలకనిదాన్ని అవతల పారేసింది. ఎప్పటికో ఒకటి మెల్లగా మూసుకుంది. దాన్ని ఒళ్లో పెట్టుకుంది. అలా వెతికితే గుప్పెడు మిగిలాయి.

వాటి అంచుల్లో వేలాడే పీచు లాగి, చట్టిలో వేసి, రెండు పచ్చిమిరపకాయలు చీల్చి వేసి మూతపెట్టింది. యశోదమ్మ అలవాటుకొద్దీ చెంబు అందుకుంది.

"వద్దత్తా" అని హేమ ఆమె మణికట్టు పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

మూత తీస్తే ఆవిరితో పాటు, ఈ మెట్టనేల మీద ఎన్నడూ లేని ఒక వాసన లేచింది. చట్టి అడుగున నిజంగానే నీళ్లు ఊరి ఉన్నాయి. హేమ ఒకటి తిన్నది. రెండోది నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"అమ్మ చేసినట్ల లేదు" అంది. అని, ఇన్నాళ్లకు ఏడ్చింది. చట్టి ముందు కూర్చుని, పోయిన బిడ్డను పిలుస్తూ, ఇల్లు అదిరేలా ఏడ్చింది.

చైతన్య దగ్గరికి పోబోతే యశోదమ్మ చేయి అడ్డం పెట్టింది. ఆ ఏడుపు తగ్గేదాకా కదలకుండా నిలబడి, తర్వాత లోపలికి పోయి హేమ చీరలు ఒక్కొక్కటే మడిచి సంచిలో పెట్టసాగింది.

"బళ్లారి బస్సు ఎన్నింటికిరా?" అంది కొడుకుతో.

"ఎవరికి?"

"దానికి. వాళ్లమ్మ దగ్గరికి. నేనే తోలకపోతా."

ఏడుపు విని పరుగెత్తుకొచ్చిన లక్ష్మక్క గుమ్మంలో ముక్కు మీద వేలేసుకుంది. "ఇట్లాంటప్పుడు పంపిస్తావా? ఊరు ఏమనుకుంటాది?"

"అనుకోనీ. నేను బతికిస్తా, బతికిస్తా అని దీన్ని ఈడ కూర్చోబెట్టినా. సూసినావు కదా నా బతికించేది." యశోదమ్మ మరో చీర మడిచి సంచిలో పెట్టింది. "ఆ నల్లచీర యాడుండాది హేమా? దారిలో చలిపెడితే కప్పుకుందువు."

హేమ కొంగుతో కళ్లు తుడుచుకుంది. చట్టిలోంచి ఇంకో చిప్ప తీసుకుంది. తిన్నదో, నోట్లో పెట్టుకుని ఊరికే కూర్చుందో, యశోదమ్మ తల ఎత్తి చూడలేదు.